దిల్‌సుఖ్‌నగర్ దారిలో ఒక విందు

మా సూర్యాపేట వైపు వారికి హైదరాబాదు అంటే మొదట గుర్తుకు వచ్చేది చార్మినార్ కాదు, ఎల్బీ నగర్. విజయవాడ రహదారి మీదుగా కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ నుంచి వచ్చే బస్సులు, సాగర్ దారిన దేవరకొండ వైపు నుంచి వచ్చే బస్సులు కలుసుకునే కూడలి అది. కండక్టరు "ఎల్బీ నగర్, ఎల్బీ నగర్" అని కేక వేయగానే సగం బస్సు లేచి నిలబడుతుంది. సంచులు, బియ్యం మూటలు, ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవర్లు, కొత్తగా హాస్టల్లో చేరబోయే పిల్లల ట్రంకు పెట్టెలు అక్కడే దిగుతాయి. మా జిల్లా మొత్తం ముప్పై ఏళ్ళుగా ఆ కూడలిలో దిగుతూనే ఉన్నది.

గడచిన శీతకాలంలో ఒక ఆదివారం మేము కూడా దిగాము. అమ్మీ, నా భార్య, నేను. చైతన్యపురిలో మా ఆపా ఇల్లు. ఆమె కూతురు ఫార్మసీ చదువు ముగించి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం చేతికి వచ్చిన రోజే ఫోన్ చేసి, "నానీని తీసుకురండి మామూ, అందరికీ నేను విందు ఇస్తాను" అన్నది. మా వంశంలో జీతం తీసుకున్న మొదటి ఆడపిల్ల ఆమె. రాకుండా ఎలా ఉండగలం?

విందు రాత్రి ఏడు గంటలకు. మధ్యాహ్నమంతా ఖాళీ. పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ వరకు మెట్రోలో వెళ్ళి వచ్చాను. మియాపూర్ నుంచి వచ్చే ఎర్ర మార్గం ఎల్బీ నగర్ దగ్గర ఆగిపోతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఇక్కడి దాకా రైలు మొదలైనప్పటి నుంచి ఈ ప్రాంతపు దూరాల లెక్క మారిపోయింది. కాని రైలు పైనుంచి పోతుంది కనుక కింద ఉన్న ఊరు కనబడదు. ఊరు చూడాలంటే దిగి నడవాలి.

ఈ రహదారి మీద ప్రతి పేరు వెనుకా ఎవరో ఒకరు ఉన్నారు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు పొలాలు ఉన్న చోటు దిల్‌సుఖ్‌నగర్. ఇంకాస్త నగరం వైపు వెళితే మూసారంబాగ్. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని మస్యే రేమోను ముస్లిములు మూసా రహీమ్ అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారు. ఆ పేరే నేటికీ మెట్రో స్టేషను బోర్డు మీద ఉన్నది. పక్కనే కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో కట్టిన సరూర్‌నగర్ చెరువు. ఎల్బీ నగర్ మాత్రం కొత్తది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఆ ప్రాంతం 2007 వరకు విడి పురపాలక సంఘంగా ఉండి, ఆ ఏడాది మహానగరంలో కలిసింది. నడుమ కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. నల్లగొండ బత్తాయి లారీలు తెల్లవారుజామున అక్కడ దిగేవి. మా అబ్బా ఒకప్పుడు ఆ లారీల వెంట వచ్చినవారే. మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోయింది. ఆ స్థలంలో ప్రభుత్వం పెద్దాసుపత్రి నిర్మాణం తలపెట్టింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పుస్తకాల దుకాణాలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్ళు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చున్నట్లుంటాయి. బస్టాపు దగ్గర మిర్చీ బండి ముందు పిల్లవాడు ఆగాడు. నేను మాత్రం అక్కడ నిలబడిన ప్రతిసారీ 2013 ఫిబ్రవరి 21 సాయంత్రాన్ని తలచుకుంటాను. పని నుంచి, చదువుల నుంచి వచ్చి రోడ్డు పక్కన నిలబడి ఏదో తింటున్న వారి మధ్య సైకిళ్ళకు కట్టిన బాంబులు పేలాయి. ఆకలితో నిలబడిన మనిషిని చంపడానికి ఎవరికైనా చేయి ఎలా వస్తుందో నాకు నేటికీ అర్థం కాదు. ఇప్పుడక్కడ జనం మళ్ళీ భుజం భుజం రాసుకుంటూ తింటున్నారు. బండి వాడు మా పిల్లవాడికి రెండు మిర్చీలతో పాటు అడగకుండానే ఒక పునుగు కూడా వేశాడు. ఆ పునుగు గురించి ఆ రాత్రి నేను చాలాసార్లు ఆలోచించాను.

మగ్రిబ్ నమాజు ఇంటి దగ్గరే ముగించుకొని ఏడింటికి ముందే భోజనశాలకు చేరాము. ప్రధాన రహదారి మీదనే, మూడవ అంతస్తు. బల్ల మధ్యలో నిప్పుల పొయ్యి అమర్చి, ఊచలకు గుచ్చిన మాంసం తెచ్చి పెట్టే తరహా బఫే. మేనకోడలు మూడు రోజుల ముందే ఫోనులో ఏడుగురికి బల్ల చెప్పించింది. హలాల్ సంగతి కూడా అప్పుడే అడిగి, అవునని చెప్పించుకున్నది.

గుమ్మం దగ్గర ఉన్న వ్యక్తి జాబితా చూసి, పేరు ఉన్నదని ఒప్పుకొని, "వెయిట్ చేయండి" అన్నాడు. ఎంతసేపు అంటే "అయిపోతుంది" అన్నాడు. అక్కడ నాలుగే కుర్చీలు ఉన్నాయి. నాలుగింటిలోనూ మనుషులు ఉన్నారు. అమ్మీకి మోకాళ్ళ నొప్పి, డెబ్బై రెండేళ్ళు. లోపల కుర్చీలు కనబడుతున్నాయి, ఒకటి ఇప్పించమన్నాము. లోపలివి బయటకు ఇవ్వరట. చివరికి ఎవరో తెలియని యువకుడు లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఏడు గంటలకని చెప్పిన బల్ల ఏడూ యాభైకి దొరికింది. కూర్చోగానే కెప్టెన్ వచ్చి చెప్పిన మొదటి మాట స్వాగతం కాదు: "సార్, తొమ్మిదింటికి నెక్స్ట్ బ్యాచ్ ఉంది."

బఫే అన్న మాట ఫ్రెంచి వారిది. మొదట దానికి పాత్రలు పెట్టుకునే బీరువా అని అర్థం. ఎవరికి కావలసినది వారు తీసుకుని తినే స్వీడన్ దేశపు విందు 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బాగా పేరు పొందింది. ఆ తరువాత అది వ్యాపారం అయింది. ఈ వ్యాపారంలోని కిటుకు సులభమైనదే. ధర ముందే నిర్ణయమై ఉంటుంది కనుక, వచ్చినవాడు ఎంత తక్కువ తింటే, ఎంత త్వరగా లేస్తే యజమానికి అంత లాభం. అందుకే కడుపు నింపే చవక పదార్థాలు మొదట వస్తాయి, ఖరీదైనవి ఆలస్యంగా, వడ్డించేవాడి చేతి మీదుగా, కొలతలో వస్తాయి. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారి లెక్క అది. ఆ లెక్క అతిథికి కనబడకుండా చూసుకోవడమే మంచి భోజనశాల పని. ఇక్కడ మాత్రం లెక్క బల్ల మీదే కూర్చుని ఉన్నది.

మసాలా మొక్కజొన్న గింజలు మూడుసార్లు వచ్చాయి. అనాస ముక్కలు రెండుసార్లు వచ్చాయి. కోడిమాంసం ఊచలు ఒకసారి వచ్చాయి, ఏడుగురికి ఆరు ముక్కలు. చేప అడిగితే "వస్తుంది సార్". రొయ్యలు అడిగినా "వస్తుంది సార్". తెలుగులో ఇంత పొడవైన భవిష్యత్కాలం నేను వ్యాకరణం పాఠంలో కూడా చెప్పి ఉండను. పక్క బల్ల దగ్గర ఏదో కంపెనీ ఉద్యోగుల బృందం ఉన్నది. అడగకముందే వారి ఊచలు మారుతున్నాయి. కెప్టెన్ వారి దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు. బురఖాలో ఉన్న ఇద్దరు స్త్రీలు, ఒక ముసలమ్మ, చేతిసంచీతో ఒక పల్లెటూరి పంతులు ఉన్న బల్ల వైపు ఆయన చూపు రాలేదు. కారణం మా వేషమా, మా భాషా, మళ్ళీ వచ్చే రకం కాదన్న అంచనా ఏమైనానా? మనిషి మనసులోనిది అల్లాహ్‌కే తెలుసు, నేను దాని మీద తీర్పు చెప్పను. చూపు రాలేదన్నది మాత్రం నిజం.

మా బల్లకు వడ్డిస్తున్నది ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు. ఒక్కడే నాలుగు బల్లలు చూస్తున్నాడు. ఊచలు పెట్టేదీ, ఎంగిలి ప్లేట్లు తీసేదీ, నీళ్ళు పోసేదీ అతడే. మాటను బట్టి మా జిల్లా వాడని అమ్మీ పట్టేసింది. అడిగితే దేవరకొండ దగ్గర పల్లె అన్నాడు. పగలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, సాయంత్రం నుంచి ఇక్కడ.

మేనకోడలు మాంసం సంగతి మళ్ళీ అడగదలచింది. మొదట కెప్టెన్‌ను అడిగింది. "అంతా అదే మేడమ్" అని అటు తిరిగి పోయాడు. అదే అంటే ఏది? అప్పుడు ఆ కుర్రవాణ్ణి అడిగింది. అతడు ఒక క్షణం ఆగి, "నాకు తెల్వదు మేడమ్, లోపల అడిగొస్త" అన్నాడు. ఐదు నిమిషాల తరువాత వచ్చి గొంతు తగ్గించి, "చికెన్ హలాల్ దుకాణం నుంచే వస్తదంట. మటన్ వేరే దగ్గర నుంచి తెచ్చిన్రు, వంటాయనకు కూడ గట్టిగ తెల్వదు. మీరు మటన్ తినకండి అమ్మా" అన్నాడు. ఆ రాత్రి ఆ భోజనశాలలో మాకు దొరికిన మేలైన వడ్డన ఆ మాటే. మాంసాహారం మానేసే వారి నమ్మకమైనా, మన నమ్మకమైనా, పరాయివాడి నోటికి అందేది ఏమిటో తెలియదంటే తెలియదని చెప్పడంలో ఒక అమానతు ఉన్నది. ఆ కుర్రవాడికి ఆ మాట తెలియకపోవచ్చు. దాన్ని నిలబెట్టుకున్నాడు.

ఎనిమిదిన్నరకు అసలు భోజనం వైపు వెళ్ళాము. బిర్యానీ పాత్ర అడుగు గీకి ఉన్నది. "రీఫిల్ వస్తుంది" అన్నారు. అమ్మీ లేచి అంత దూరం నడవలేదు. ఆమెకు ఒక ప్లేటు అన్నం, పప్పు తెచ్చి పెట్టగలరా అని కెప్టెన్‌ను అడిగాను. "సెల్ఫ్ సర్వీస్ సార్" అన్నాడు. నేను వెళ్ళి వరుసలో నిలబడ్డాను.

వరుసలో నిలబడి ఇబ్రాహీమ్ (అ) ఇంటి విందును తలచుకున్నాను. దివ్య ఖుర్ఆన్‌లో జారియాత్ సూరా చదివే వారందరికీ తెలిసిన ఘట్టమే. అపరిచితులు ముగ్గురో నలుగురో గుమ్మంలోకి వచ్చారు. ఆయన తింటారా అని అడగలేదు. వారికి తెలియకుండా మెల్లగా ఇంట్లోకి వెళ్ళి, బలిసిన దూడ మాంసం వండించి తెచ్చి, వారి దగ్గరగా పెట్టి, ఆ తరువాతే తినమని మృదువుగా కోరారు. అతిథిని భోజనం దగ్గరకు రప్పించలేదు, భోజనాన్ని అతిథి దగ్గరకు తెచ్చారు. పాత వ్యాఖ్యాతలు ఈ చిన్న వివరం దగ్గర చాలాసేపు ఆగేవారు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో దస్తర్‌ఖాన్ పరచి అందరినీ ఒకటిగా కూర్చోబెట్టేవారు. హైదరాబాదు ఇళ్ళలో చౌకీల చుట్టూ ఎనిమిదేసి మందిని కూర్చోబెట్టడం నేటికీ కొందరు వదలలేదు. తెలుగు ఇళ్ళలో బంతి భోజనాలు కూడా అటువంటివే. వడ్డించేవాడు వద్దన్నా కొసరి కొసరి వేసేవాడు, వద్దు వద్దంటూనే విస్తరి మీద అడ్డం పెట్టిన చేయి కాస్త పక్కకు జరిగేది. మన పెళ్ళిళ్ళకే బఫే వచ్చి ముసలివారు ప్లేటు చేత పట్టుకుని గోడకు ఆనుకుని తింటున్న ఈ రోజుల్లో, ఒక హోటలును తప్పు పట్టే ముందు మనమూ కాస్త సిగ్గుపడాలేమో.

వెనక్కు వచ్చేసరికి కుర్రవాడు అమ్మీ ముందు వేడి అన్నం, పప్పు, పెరుగు పెట్టి ఉన్నాడు. కెప్టెన్ చూడకుండా తెచ్చాడట.

ఎనిమిదీ యాభైకి, మేము ఇంకా తింటుండగానే, బిల్లు వచ్చింది. పెద్దవారు ఆరుగురికి తలకు 949, పిల్లవాడికి 549. దాని మీద ఐదు శాతం సేవా రుసుము, ఆ పైన పన్ను. మొత్తం 6,883 రూపాయలు. మేనకోడలు పర్సు తీసింది. నేను ఆపాను.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు అక్కడ ఉన్న చాలామందికి ఇది తెలియదు. హోటళ్ళు సేవా రుసుమును తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళాయి, కొంతకాలం అవి నిలిచిపోయాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వవచ్చు, తప్పనిసరి అని అడగరాదు. జీఎస్టీ వేరు, అది ప్రభుత్వానికి చెందినది, దానిని ఎగవేసే మాట లేదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉన్నది.

ఇదంతా నేను కెప్టెన్‌కు చెప్పాను. మొదట మెల్లగానే చెప్పాను. "అది కంపెనీ పాలసీ సార్, అందరూ కడుతున్నారు" అన్నాడు. సేవ ఎక్కడ చేశారని అడిగాను. గొంతు పెరిగింది. చుట్టూ బల్లల వాళ్ళు చూడసాగారు. ఆపా తల వంచుకున్నది. మేనకోడలు ముఖం చూస్తే ఏడుపు ఆపుకుంటున్నట్లున్నది. ఆమె ఆనందంగా ఇవ్వదలచిన విందు అది, ఆమె మొదటి జీతం. నేను ఆమె తరఫున పోరాడుతున్నాననుకున్నాను. ఆమెకు కావలసినది ఆ మూడు వందల చిల్లర కాదు.

అమ్మీ నా చేయి పట్టుకుని, "తిండికి వంక పెట్టకు నాయనా. ప్రవక్త (స) ఏనాడూ పెట్టలేదు. నచ్చితే తిన్నారు, లేకుంటే ఊరుకున్నారు" అన్నది. "తిండికి కాదు అమ్మీ, మర్యాదకు, తూకానికి" అన్నాను. ఆమె నా వైపు చూసి, "మరి నీ గొంతు ఏ తూకం?" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

ఇరవై నిమిషాల తరువాత రుసుము తీసేసిన కొత్త బిల్లు వచ్చింది, 6,555 రూపాయలు. గెలిచాననుకున్న ఆ క్షణంలోనే కెప్టెన్ కుర్రవాణ్ణి పిలిచి, మాకు వినబడేలా, "నీ టేబుల్ మీద కంప్లైంట్. ఇది నీ లెక్కలో పడుతుంది" అన్నాడు. ఆ వెంటనే అభిప్రాయం రాయమని ఒక టాబ్లెట్ మా ముందుకు వచ్చింది. అందులో కుర్రవాడి పేరు ముందే వేసి ఉన్నది. ఐదు నక్షత్రాలు ఇస్తే భోజనశాల బాగున్నట్లు. తక్కువ ఇస్తే అతడు బాగోనట్లు. బల్ల ఆలస్యం చేసినవాడు, సమాధానం చెప్పనివాడు, నలుగురి పని ఒక్కడి నెత్తిన పెట్టినవాడు, ఎవరి పేరూ అందులో లేదు. నిజం రాస్తే శిక్ష అతడికి పడుతుంది. అబద్ధం రాస్తే తరువాత వచ్చేవారు మోసపోతారు.

మేనకోడలు కాసేపు ఆ తెర వైపు చూసి, ఏమీ నొక్కకుండా బోర్లించి పెట్టింది. "మేనేజరు గారి ఈమెయిల్ ఇవ్వండి, ఇంటికి వెళ్ళి రాస్తాను" అన్నది. ఆమెలో అంత నిదానం ఉన్నదని నాకు అప్పటివరకు తెలియదు.

లేచేటప్పుడు బల్ల మీద చూశాను. పక్క బల్ల వారు వెళ్ళిపోయారు. వారి ప్లేట్లలో సగం కొరికిన ఊచలు, ముట్టని రొయ్యలు, మూడు రకాల కేకులు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్ళు, క్యాంటీన్ల వంటి చోట్ల పోయినది. అడిగినా రాని రొయ్యలు అక్కడ చెత్తబుట్టలోకి పోతున్నాయి. నా చూపు వాటి మీద పడిందని గమనించి కుర్రవాడు త్వరత్వరగా ప్లేట్లు ఎత్తేశాడు.

అమ్మీ వెళుతూ అతణ్ణి దగ్గరకు పిలిచింది. "బాబూ, నువ్వు తిన్నవా?" "లేదమ్మా. పదకొండున్నరకు తింటం." "ఏం పెడతరు?" "మిగిలింది." ఆమె కొంగు ముడి విప్పి ఒక వంద నోటు అతడి చేతిలో పెట్టబోయింది. కెప్టెన్ వైపు చూసి అతడు తల అడ్డంగా ఊపాడు. మేము మెట్ల దగ్గరకు వచ్చాక వెనుక నుంచి పరుగున వచ్చి, అమ్మీ మరచిపోయిన కళ్ళద్దాల పెట్టె ఇచ్చాడు. అప్పుడు తీసుకున్నాడు ఆ నోటు.

మర్నాడు మేనకోడలు ఉత్తరం రాసింది, నేను తప్పులు మాత్రం దిద్దాను. బల్ల యాభై నిమిషాలు ఆలస్యమైన సంగతి, కుర్చీ ఇవ్వని సంగతి, ఫోనులో హలాల్ అని చెప్పి తరువాత చెప్పలేకపోయిన సంగతి, సేవా రుసుము సంగతి ఒక్కొక్కటిగా రాసింది. ఆ కుర్రవాడి గురించి ఒక పేరా వేరుగా రాసి, ఈ ఫిర్యాదులో ఏ ఒక్కటీ అతడిది కాదని, అతడి జీతంలో ఒక్క రూపాయి కోసినా తాను మళ్ళీ రాయవలసి వస్తుందని ముగించింది. "నానీ చెప్పినట్లు గొంతు పెంచకుండా రాశాను మామూ" అని నవ్వింది.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నామని రెండు వాక్యాలు. దానితో పాటు ఇరవై శాతం తగ్గింపు కూపన్, ముప్పై రోజులలోగా, శని ఆదివారాలు కాకుండా వాడుకోవాలట. ఆమె ఫోనులో చదివి వినిపిస్తుంటే సూర్యాపేటలో అమ్మీ గింజలు చెరుగుతూ వింటున్నది. అంతా విని, "ఆ పిల్లవాడి సంగతి ఏమన్నా రాసినరా?" అని అడిగింది.

రాయలేదు.

అమ్మీ చేట కింద పెట్టి, "వచ్చే నెల నా మోకాళ్ళు చూపించుకోవడానికి ఎట్లాగూ ఎల్బీ నగర్ పోవాలి గదా. పోయినప్పుడు ఆ మూడో అంతస్తు ఎక్కి వాడు ఉన్నడో లేడో చూసి రా" అన్నది.